డిబేట్ షోలు చూసీ చూసీ తమ్ముడితో మాటలు పోయాయన్నా, మానేయమంటావా?

ప్రశ్న: అన్నా, నాకు 36 ఏళ్ళు. చిన్నప్పట్నుంచీ బాస్కెట్‌బాల్ పిచ్చి. ఒకప్పుడు కలిసి మ్యాచ్ చూసే బ్యాచ్ ఉండేది, పెళ్ళిళ్ళయ్యాక తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఈ మధ్య నాకు మ్యాచ్‌లు చూడటం తగ్గిపోయి, ఆ మ్యాచ్ గురించి ఇద్దరు కూర్చుని వాదించుకునే షోలు చూడటం ఎక్కువైంది. అమెరికా స్పోర్ట్స్ ఛానెళ్ళలో వచ్చే ఫస్ట్ టేక్, పీటీఐ, పాత అన్‌డిస్ప్యూటెడ్ క్లిప్పులు, ఏది దొరికితే అది. రోజుకి రెండు గంటలు ఈజీగా పోతాయి. "అదే ఇద్దరు, అదే గొడవ, నిన్న కూడా ఇదే కదా అన్నారు, నీకేం వస్తది?" అని మా ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అసలు బాధ ఇంకోటి. నేనూ మా తమ్ముడూ బాస్కెట్‌బాల్‌లో మైకేల్ జోర్డన్ గొప్పా లెబ్రాన్ జేమ్స్ గొప్పా అని ఇరవై ఏళ్ళుగా వాదించుకుంటున్నాం, సరదాగానే. నాది జోర్డన్, వాడిది లెబ్రాన్. 2016 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ గేమ్ సెవెన్, అంటే ఆఖరి మ్యాచ్, ఒకే దుప్పటి కప్పుకుని చూసినోళ్ళం. రెండు నెలల కింద ఫోన్‌లో మళ్ళీ అదే వాదన వచ్చింది. వాడికి ఈ మధ్యే ఉద్యోగం పోయింది. నేను నోరు జారి "ఉన్న ఉద్యోగం నిలబెట్టుకోలేనోడివి, గొప్పతనం గురించి నాకు చెప్తావా" అనేశా. వాడు ఫోన్ పెట్టేశాడు. అంతే, ఇంతవరకూ కాల్ లేదు, మెసేజ్ లేదు. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే టీవీలోంచి వస్తున్నట్టు అనిపించింది. ఈ షోలు మానేయాలా అన్నా? అసలెందుకు నన్నింతగా పట్టేసుకున్నాయి?

జవాబు: తమ్ముడూ, ముందు తేల్చేస్తా. షోలు మానక్కర్లేదు. మీ తమ్ముడికి మాత్రం ఈ వారం దాటకుండా ఫోన్ చెయ్యి. ఎందుకో, ఎలాగో చెప్తా, కొంచెం పొడుగ్గానే ఉంటది, ఎందుకంటే ఈ షోలు నేనూ ఏళ్ళ తరబడి చూసినవాణ్ణే, వాటి మీద నాకు ప్రేమ ఉంది, కొన్నిటి మీద గట్టి కోపం కూడా ఉంది.

కొన్నేళ్ళు నేను నైట్ షిఫ్ట్ చేశా. ఇంటికొచ్చి మ్యాచ్ చూసి లేచేసరికి ఇంట్లో అందరూ గాఢనిద్ర. ఆఖరి రెండు నిమిషాల్లో కోచ్ ఆ కుర్రాణ్ణి ఎందుకు బెంచ్ మీద కూర్చోబెట్టాడో అర్థం కాక లోపల ఉడికిపోతూ ఉండేవాణ్ణి, చెప్పుకోడానికి మనిషి లేడు, లేపి చెప్తే తంతారు. అలా ఒకరోజు టీవీ పెడితే ఒకాయన టేబుల్ మీద అరచెయ్యి కొట్టి సరిగ్గా అదే ప్రశ్న అడిగాడు, "ఎందుకు కూర్చోబెట్టావయ్యా అతన్ని?" అని. ఎదుటాయన తల అడ్డంగా ఊపుతూ నవ్వుతున్నాడు. నేను సోఫాలో కూర్చుని "అదీ, అలా అడుగు" అని పైకే అన్నా, ఖాళీ హాల్లో. ఆ రోజు ఆయన చెప్పిన విశ్లేషణ ఒక్క ముక్క గుర్తులేదు నాకు. నాకు లోపల ఉన్నది ఇంకో మనిషికి కూడా ఉంది అన్న ఊరట ఒక్కటే గుర్తుంది.

మీ ఆవిడ అడిగినదానికి నా సమాధానం ఇదే. నువ్వు చూసేది వాదన కోసం కాదు, తోడు కోసం. మ్యాచ్ ఒక్కడివే చూడొచ్చు, కానీ చూసింది ఒక్కడి లోపలే పెట్టుకోవడం కష్టం. సినిమా చూసొచ్చినా ఇంతే కదా, బయటికి రాగానే "ఎలా ఉంది" అని పక్కోణ్ణి అడక్కుండా ఉండలేం. నీ బ్యాచ్ తలో దిక్కూ వెళ్ళిపోయింది అని నువ్వే రాశావు, ఒక్క లైన్‌లో రాసి వదిలేశావు, నీ ప్రశ్నలో సగం జవాబు అక్కడే ఉంది. వాళ్ళ కుర్చీలు ఖాళీ అయ్యాయి, ఆ కుర్చీల్లో ఫస్ట్ టేక్‌లో వాదించే స్టీఫెన్ ఏ స్మిత్ వచ్చి కూర్చున్నాడు. 1956లో డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అని ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఈ సంగతే రాశారు, టీవీలో మనవైపు చూస్తూ మామూలుగా మాట్లాడే మనిషితో ప్రేక్షకుడికి స్నేహం లాంటిది కుదురుతుందనీ, అది ఒకవైపు నుంచే నడుస్తుందనీ. టీవీ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో రాసిన మాట. ఇప్పుడు అదే మనిషి జేబులో ఫోన్‌లో కూడా ఉన్నాడు, రోజుకి ఎన్నిసార్లైనా పలకరిస్తాడు, కానీ నీ పేరు తెలీదు ఆయనకి, నీకు జ్వరమొచ్చినా తెలీదు.

ఇదేదో ఇప్పటి జబ్బు అని, ఫోన్లొచ్చి పాడైపోయామని కొంతమంది అంటారు, నేనొప్పుకోను. బ్రెజిల్‌లో 1960లలోనే ఫుట్‌బాల్ మీద టీవీలో గుండ్రంగా కూర్చుని వాదించుకునే షో ఉండేది. అందులో నెల్సన్ రోడ్రిగెస్ అని పెద్ద నాటక రచయిత కూర్చునేవాడు, ఫ్లుమినెన్సే టీమ్ అంటే ప్రాణం ఆయనకి, చూపు బాగా మందం. ఒకసారి తన టీమ్ చేసింది ఫౌలే, అవతలివాళ్ళకి పెనాల్టీ ఇవ్వాల్సిందే అని పక్కాయన వీడియో టేపు వేసి మరీ చూపిస్తే, ఈయన ఏమాత్రం తొణక్కుండా వీడియో టేపుకి బుర్ర లేదు అన్నాడు. అరవై ఏళ్ళైనా బ్రెజిల్ వాళ్ళు ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనడంలో కూడా ఒక అందం ఉంటుంది చూడు, అభిమాని మనసు ఎలా ఉంటుందో ఆ ఒక్క మాటలో మొత్తం కనిపిస్తుంది. ఇటలీలో 1980లో ఒక షో మొదలైంది, దాని పేరుకి అర్థమే సోమవారం విచారణ. ఆదివారం జరిగిన మ్యాచ్‌లకి సోమవారం కోర్టు పెట్టినట్టు అన్నమాట, రిఫరీ ముద్దాయి, స్లో మోషన్ రీప్లే సాక్షి.

అమెరికాలో ఇది న్యూస్ పేపర్ ఆఫీసుల్లోంచి వచ్చింది. 1988లో ఈఎస్పీఎన్‌లో మొదలైన ది స్పోర్ట్స్ రిపోర్టర్స్ అంటే ఆదివారం పొద్దున పేపర్లలో రాసేవాళ్ళు నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం, అంతే. నువ్వు చూసే పీటీఐ, అదే పార్డన్ ది ఇంటరప్షన్, 2001 అక్టోబర్‌లో మొదలైంది. టోనీ కోర్న్‌హైజర్, మైకేల్ విల్బన్ ఇద్దరూ వాషింగ్టన్ పోస్ట్‌లో కాలమ్స్ రాసేవాళ్ళు, ఏళ్ళ తరబడి ఒకే న్యూస్ రూమ్‌లో కొట్టుకుంటూ బతికినవాళ్ళు, ఆ కొట్లాటనే తీసుకొచ్చి కెమెరా ముందు పెట్టారు. స్టీఫెన్ ఏ కూడా ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పేపర్లోంచి వచ్చినవాడే. అంటే వాళ్ళు చేస్తున్నది కొత్తగా కనిపెట్టిన పనేం కాదు, అప్పటికే మనుషుల మధ్య నడుస్తున్నదాన్ని మనకి చూపిస్తున్నారు.

ఇక ఎందుకు అంత గట్టిగా పట్టేసుకుంటాయి అంటావా, దానికి తోడొక్కటే కారణం కాదు, పనితనం కూడా ఉంది. పీటీఐలో స్క్రీన్ పక్కన ఆ రోజు టాపిక్కుల లిస్టు ఉంటది కదా, ఒక్కోదానికీ గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటది, టైమ్ అయిపోగానే గంట కొడతారు, తర్వాత టాపిక్. నీ ఇష్టమైన టాపిక్ నాలుగోది అనుకో, మొదటి మూడూ నచ్చకపోయినా కదలవు, ఎంతలో వస్తుందో కళ్ళకి కనిపిస్తోంది కాబట్టి. అరౌండ్ ది హార్న్ గుర్తుందా, 2002లో మొదలై 2025 మే నెలలో ఆగిపోయింది. అందులో నలుగురు రచయితలు, హోస్ట్ పాయింట్లు వేసేవాడు, చెత్త మాట్లాడితే మ్యూట్ నొక్కేవాడు, ఆఖరికి గెలిచినోడికి ఒక్కడే మాట్లాడుకునేందుకు కొన్ని సెకన్లు. ఆట గురించిన మాటల్నే ఇంకో ఆటగా మార్చేశారన్నమాట. స్కోరు ఉంటే మనిషి లేవడు.

కానీ అసలు కిటుకు టాపిక్ ఎంచుకోవడంలో ఉంది. ఎవరు ఎక్కువ పాయింట్లు కొట్టారు అన్నది టాపిక్ కాదు, పుస్తకం తీస్తే తెలిసిపోతది. లెక్కలు ఒకటి చెప్పి కళ్ళు ఇంకోటి చెప్పాలి, అప్పుడే అది పండుతుంది. 2011లో టిమ్ టీబో వచ్చాడు చూడు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో డెన్వర్ టీమ్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, అంతకన్నా మంచి టాపిక్ ఈ షోలకి మళ్ళీ దొరికిందా అని నాకు అనుమానమే. వంద పాసులు విసిరితే 46, 47 మాత్రమే చేరాల్సిన చేతుల్లోకి చేరేవి, ఆ స్థానంలో ఆడేవాడికి అది చాలా చాలా తక్కువ. మూడు క్వార్టర్లు చూడలేకపోయేవాళ్ళం. నాలుగో క్వార్టర్లో ఏదో పూనినట్టు గెలిపించేవాడు. రెగ్యులర్ సీజన్‌లో అతను స్టార్ట్ చేసిన 11 మ్యాచ్‌ల్లో 7 గెలిచారు, 2012 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్తే, మొదటి బంతికే 80 గజాల టచ్‌డౌన్ పాస్, ఎదుటి టీమ్ పిట్స్‌బర్గ్ ఇంటికి. ఇప్పుడు చెప్పు, అతను మంచి ప్లేయరా కాదా? అప్పట్లో ఫస్ట్ టేక్‌లో వాదించే స్కిప్ బేలెస్ "గెలుస్తున్నాడు కదా" అనేవాడు. ఎదుటివాళ్ళు "ఆ విసరడం చూశావా" అనేవాళ్ళు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఇద్దరి దగ్గరా నిజం ఉన్న గొడవ ఎప్పటికీ తెగదు, తెగని గొడవని రేపు మళ్ళీ పెట్టొచ్చు. ఛానెల్ వాళ్ళకి అది బంగారు గుడ్డు, ఎందుకంటే లైవ్ మ్యాచ్ హక్కులు కొనాలంటే కోట్లు పొయ్యాలి, రోజులో మిగతా గంటలన్నీ నింపడానికి ఇద్దరు మనుషులూ ఒక టేబులూ చాలు.

మీ అన్నదమ్ముల జోర్డన్, లెబ్రాన్ గొడవ కూడా అలాంటిదే. జోర్డన్ ఆరుసార్లు ఫైనల్స్‌కి వెళ్ళాడు, ఆరుకి ఆరూ గెలిచాడు. లెబ్రాన్ పదిసార్లు వెళ్ళి నాలుగు గెలిచాడు. నువ్వేమో ఆరుకి ఆరు అంటావు. మీ తమ్ముడేమో పదిసార్లు అక్కడిదాకా టీముల్ని మోసుకెళ్ళడం తక్కువా అంటాడు, కరీమ్ అబ్దుల్ జబ్బార్ 1989లో రిటైరైనప్పుడు వదిలివెళ్ళిన 38,387 పాయింట్ల రికార్డు 2023 ఫిబ్రవరిలో దాటాడు కదా అంటాడు. మీరిద్దరూ గొప్పతనాన్ని వేరే వేరే తక్కెడల్లో తూస్తున్నారు. నీ తక్కెడలో ఓడిపోకపోవడం బరువు, వాడి తక్కెడలో నిలబడి ఉండటం బరువు. ఇరవై ఏళ్ళు వాదించుకున్నారంటే తెగలేదనే కదా, తెగనందుకే ఇరవై ఏళ్ళు ఫోన్లు చేసుకున్నారు. ఆ వాదన మీ ఇద్దరికీ ఒక వంతెన లాంటిది తమ్ముడూ, దాన్ని నువ్వు గెలవాలనుకున్న రోజున కూలింది.

ఇక్కడే నాకు ఈ షోల మీద కోపం. ఒకసారి చేసి చూడు, ఏదైనా గొడవ క్లిప్ సౌండ్ తీసేసి చూడు. నేను చేశా. ఒకడు ముందుకి వంగుతాడు, వేలు టేబుల్ మీద పొడుస్తాడు, ఇంకోడు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు పెద్దవి చేస్తాడు, మధ్యలో యాంకర్ చెయ్యెత్తి ఆపుతుంది, కింద పెద్ద అక్షరాలతో ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది. మాటలు లేకుండా చూస్తే అది ఏ ఇంట్లోనైనా జరిగే గొడవలాగే ఉంది, భార్యాభర్తలది అనుకున్నా అన్నదమ్ములది అనుకున్నా సరిపోద్ది. అప్పుడు నాకు అర్థమైంది, మనం రోజుకి రెండు గంటలు చూసేది బాస్కెట్‌బాల్ ఒక్కటే కాదు, ఎదుటి మనిషిని ఎలా కొట్టాలో కూడా చూస్తున్నాం. చూసింది ఒంటికి అంటుకోకుండా పోదు. ఎదుటివాడి వాక్యం పూర్తి కాకముందే తల ఊపడం, వాడు చెప్పిందాన్ని కాస్త వంకర చేసి తిరిగి వాడికే చెప్పడం, "అంటే నువ్వనేది ఏంటంటే" అని మొదలెట్టి వాడు అననిది అంటగట్టడం. నాకూ అంటుకున్నాయివి. ఆఫీసు మీటింగ్‌లో ఒకమ్మాయి మాట్లాడుతుంటే నేను చెయ్యెత్తి ఆపేశా ఒకసారి, ఆ అమ్మాయి మొహం ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అయితే టీవీలో వాళ్ళకి ఉన్నవి మనకి లేవు. వాళ్ళకి గంట ఉంది, మధ్యలో యాంకర్ ఉంది, బ్రేక్ ఉంది, గొడవ పడినందుకు జీతం ఉంది. ఇద్దరికీ తెలుసు ఇది పని అని. ఇంట్లో గంట కొట్టేవాడు లేడు. ఫోన్‌లో అయితే ఎదుటివాడి మొహం కూడా కనిపించదు, ఎక్కడ తగిలిందో తెలీదు.

ఇన్ని ఉండి కూడా వాళ్ళకీ తప్పుతుంది ఒక్కోసారి. అన్‌డిస్ప్యూటెడ్ క్లిప్పులు చూస్తానన్నావు కదా, 2022 డిసెంబర్‌ది చూసే ఉంటావు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఆ ఏడాది బాగా ఆడట్లేదు అని, ఆ షోలో బేలెస్‌కి ఎదురుగా కూర్చునే షానన్ షార్ప్ అంటే, బేలెస్ సమాధానం చెప్పాల్సింది బ్రేడీ ఆట గురించి. దాని బదులు, అతను 45 ఏళ్ళకీ ఆడుతున్నాడు, నువ్వు 35కే ఆపాల్సొచ్చింది అన్నాడు. షార్ప్ అంటే ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు, ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మూడుసార్లు గెలిచి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న మనిషి. కళ్ళజోడు తీసేశాడు. బ్రేడీ ఈ ఏడాది బాగా ఆడట్లేదు అన్నందుకు నన్నే దెబ్బకొడతావా అని అడిగాడు. ఆ కళ్ళజోడు తీయడం చూడు మళ్ళీ ఒకసారి, అప్పటిదాకా షో, అక్కడ్నుంచి షో కాదు. తర్వాత ఏడాది జూన్‌లో షార్ప్ ఆ షో వదిలి వెళ్ళిపోయాడు, ఇంకో ఏడాదికి షోనే ఆగిపోయింది. ఆ ఒక్క మాట వల్లే అని నేననను, మధ్యలో ఇంకా చాలా జరిగాయి. కానీ వాదన ప్లేయర్ మీద నుంచి జారి ఎదురుగా కూర్చున్న మనిషి మీద పడిన క్షణం ఎలా ఉంటుందో అంత స్పష్టంగా నేనింకెక్కడా చూడలేదు. నువ్వు చేసింది సరిగ్గా అదే. లెబ్రాన్ గురించి మొదలెట్టి మీ తమ్ముడి ఉద్యోగం దగ్గర తేలావు.

ఎందుకు అలా జారతాం అంటే, టీమ్‌నీ ప్లేయర్‌నీ మనం మనలో కలిపేసుకుంటాం కాబట్టి. 1976లో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ పరిశోధకుడు, ఆయనతో ఉన్నవాళ్ళు అమెరికా యూనివర్సిటీల్లో గమనించారు, ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిచిన తర్వాత సోమవారం కాలేజీ పేరున్న బట్టలు వేసుకొచ్చే స్టూడెంట్స్ పెరుగుతారు, ఫోన్ చేసి అడిగితే గెలిచినప్పుడు మనం గెలిచాం అనడం ఎక్కువ, ఓడినప్పుడు వాళ్ళు ఓడిపోయారు అనడం ఎక్కువ. మనమూ అంతే కదా, కొడితే "మనోళ్ళు కుమ్మేశారు", పోతే "వీళ్ళకి ఆడటం రాదు". జోర్డన్ నీకు అలాంటి మనోడు. ఆయన్ని తక్కువ చేస్తే నీ చిన్నతనాన్ని, నువ్వు గోడ మీద అంటించుకున్న బొమ్మని, నీ టేస్ట్‌ని తక్కువ చేసినట్టు ఉంటుంది. అందుకని వాడికి ఎక్కడ నొప్పో అక్కడ కొట్టావు. వాడికి లెబ్రాన్ కూడా అలాగే అని ఆ నిమిషంలో గుర్తు రాలేదు నీకు, అందులోనూ ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నవాడికి, ఇంకా నిలబడే ఉన్న ఆ మనిషి ఎంత ధైర్యమో ఆలోచించు. 2003లో లీగ్‌లోకి వచ్చినవాడు, తోటివాళ్ళందరూ రిటైరైపోయినా ఆడుతూనే ఉన్నాడు. మీ తమ్ముడు ఆ రోజు ఫోన్‌లో బహుశా లెబ్రాన్ గురించి ఒక్కటే మాట్లాడటం లేదు.

మరి ఇన్ని చెప్పి కూడా మానొద్దని ఎందుకన్నానంటే, వీటిల్లో మంచిది నిజంగా మంచిది. పీటీఐ ఆఖరి నిమిషం ఎప్పుడైనా పూర్తిగా చూశావా, క్లిప్పుల్లో రాదది. చాలా ఏళ్ళు, చివర్లో ఆ రోజు వాళ్ళు తప్పు చెప్పినవి సరిదిద్దుకునేవాళ్ళు, పేరు తప్పు, అంకె తప్పు, ఏదైనా సరే. మొదటి రోజుల్లో టోనీ రియాలీ అనే కుర్రాడు వచ్చి చదివేవాడు, ఆ కుర్రాడే తర్వాత అరౌండ్ ది హార్న్ హోస్ట్ అయ్యాడు. ఆఖర్లో కోర్న్‌హైజర్ "టైమ్ అయిపోయింది, ఈసారి ఇంకా బాగా చేయడానికి ట్రై చేస్తాం" అంటాడు, ఒక చిన్న కెనడా జెండా తీసి ఊపుతాడు, అయిపోయింది. అరగంట అరుచుకున్నాక తప్పు ఒప్పుకుని రేపొస్తాం అని లేవడం. నాకు ఆ షో మీద అంత ఇష్టం ఆ చివరి నిమిషం వల్లే. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఇద్దరూ కలిసి కూర్చోగలిగారంటే వాదనలో ఎవరో గెలిచారని కాదు కదా. నువ్వు క్లిప్పులే చూస్తే గొడవ మాత్రమే దొరుకుతుంది, సర్దుకోవడం కట్ చేసి పడేస్తారు, ఎందుకంటే దాన్ని ఎవరూ షేర్ చేయరు. కాబట్టి చూస్తే మొత్తం ఎపిసోడ్ చూడు, ముక్కలు చూడకు. ముందు మ్యాచ్ చూడు, తర్వాత నీకేమనిపించిందో ఒక్క నిమిషం నీలో నువ్వు అనుకో, ఆ తర్వాత షో పెట్టు. మ్యాచ్ చూడకుండా షో ఒక్కటే చూస్తే నీ అభిప్రాయం కూడా వాళ్ళదే అయిపోతుంది, నీకు తెలీకుండా వాళ్ళ వాక్యాలు నీ నోట్లోంచి వస్తాయి, ఆ రోజు ఫోన్‌లో వచ్చినట్టు.

మీ ఆవిడకి కూడా ఇదే చెప్పు, దాచకుండా. "నాకు ఆట గురించి మాట్లాడుకునే మనిషి లేకుండా పోయాడు, అందుకని చూస్తున్నా" అను. ఆ అమ్మాయి అడిగింది కూడా అదే అనుకుంటున్నా నేను, నీకేం వస్తది అంటే నీకేం తక్కువైంది అని.

ఇప్పుడు తమ్ముడి సంగతి. కాలు జారితే తీసుకోవచ్చు నోరు జారితే తీసుకోలేం అంటారు, నిజమే, ఆ మాట వెనక్కి రాదు. కానీ ఆ మాట మీద ఇంకో మాట పెట్టొచ్చు, రెండు నెలలు ఆలస్యమైనా సరే. పెద్దవాడివి నువ్వు, అన్నది నువ్వు, కాబట్టి ఫోన్ చెయ్యాల్సింది నువ్వే, వాడు చేస్తాడేమో అని చూడకు. మెసేజ్‌తో మొదలెట్టకు, కాల్ చెయ్యి. ఎత్తితే ముందు ఆ మాట పేరు పెట్టి చెప్పు, "నీ ఉద్యోగం గురించి నేనన్న మాట తప్పు, అనకూడనిది అన్నాను, క్షమించరా" అని. "ఏదో సరదాకి అన్నా" అనకు, సరదాకి కాదని వాడికి తెలుసు. "నువ్వు కూడా రెచ్చగొట్టావు కదా" అని తోక తగిలించకు, అది మళ్ళీ డిబేట్ అవుద్ది. ఈ షోల సంగతి ఎత్తి "అవి చూసీ చూసీ అలా అయిపోయా" అని నెపం కూడా దాని మీదకి తోయకు, నాకు రాశావు చాలు. చెప్పేసి ఊరుకో. వాడు తిడితే తిట్టనివ్వు, ఏం మాట్లాడకపోతే ఆ మౌనం కూడా విను, నువ్వే తొందరపడి నింపేయకు. టీవీలో రెండు సెకన్లు నిశ్శబ్దం వస్తే కంగారు పడిపోతారు, నీకు ఆ కంగారు అక్కర్లేదు. ఉద్యోగం ఏమైంది, ఎక్కడెక్కడ అప్లై చేశావు, నేనెవరితోనైనా మాట్లాడనా, ఇవన్నీ ఆ రోజే అడగొద్దు, క్షమాపణ వెనకాలే సాయం వస్తే అది జాలిలాగా వినపడుతుంది.

ఫోన్ ఎత్తకపోతే, మర్నాడు మళ్ళీ చెయ్యి. అప్పుడూ ఎత్తకపోతే అదే మాట రెండు లైన్లు రాసి పంపు, అంతకన్నా పొడుగు వద్దు. మీ ఆవిడతోనో ఇంకొకళ్ళతోనో రాయబారం నడపొద్దు, ఇది మీ ఇద్దరి మధ్యది.

ఎత్తి, మాట కాస్త కలిసిందనుకో, జోర్డన్ పేరు ఎత్తకు ఆ రోజు. 2016 గేమ్ సెవెన్ గుర్తు చెయ్యి. ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచొచ్చిన వారియర్స్, సిరీస్‌లో 3-1 వెనకబడి అక్కడిదాకా లాక్కొచ్చిన లెబ్రాన్ టీమ్ క్లీవ్‌ల్యాండ్, స్కోరు 89-89, రెండు నిమిషాలు కూడా లేదు, వారియర్స్ ఆటగాడు ఇగుడాలా బంతి వెయ్యడానికి బోర్డు మీదకి వెళ్తున్నాడు, వెనకనించి లెబ్రాన్ పరిగెత్తుకొచ్చి బంతిని బోర్డుకి అతికించేసిన ఆ బ్లాక్. ఒకే దుప్పటి కింద కూర్చుని చూశామన్నావు కదా. అప్పుడు వాడు ఏం చేశాడో, దుప్పటి విసిరేశాడా, నిన్ను కొట్టాడా, అరిచాడా, నీకు గుర్తుందో లేదో గానీ వాడికి ఖచ్చితంగా గుర్తుంటుంది. "ఆ బ్లాక్ అప్పుడు నువ్వేం చేశావురా?" అని అడుగు, అడిగి వాడు చెప్పేదంతా అడ్డు రాకుండా విను.